శెట్టి ఇంటి పొట్టి గుర్రం

మొన్న బెంగళూరులో ఉండే మా మేనమామ కొడుకు ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. అందులో ఎవరిదో ఇంటి తోటలో, పచ్చగడ్డి మీద, మేకంత గుర్రం గంతులేస్తోంది. అనంతపురంలో మీ పెరట్లో కూడా ఇట్లాంటిదొకటి పెంచుకోవచ్చు కదా అని అడిగాడు. పెంచాం, చచ్చిపోయింది అని జవాబు రాసి, మరీ మొరటుగా ఉందనిపించి చెరిపేశాను. అంతకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు గానీ, కరువంటే ట్యాంకరు వెనక బిందెల వరుస అని తెలిసిన మన ఈడువాళ్లకు కొంచెం వివరంగా చెప్పుకోవచ్చు.

మా నాయనది శనక్కాయల వ్యాపారం. నేను హైస్కూల్లో ఉండగా, పంటలెండిపోయి అంగట్లో ఈగలకు తప్ప పనిలేని ఏడాది, మా వీధి జట్కా తాత బండి తోలడం చాలించుకుని తన పొట్టి గుర్రాన్ని అమ్మజూపితే, మా చెల్లెలు అన్నం మానేసి మరీ దాన్ని కొనిపించింది. మానేసిందంటే మధ్యాహ్నం మాత్రమే. సాయంత్రం బజ్జీలకు మినహాయింపు ఉండేది.

మా పెరడేమీ నందనవనం కాదు, ఒక కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ, చుట్టూ గోడ. గుర్రం ఒకసారి వెనక్కి తిరిగితే మూతి గోడకీ తోక కరివేపాకుకీ తగిలేది. అంతవరకూ బండి లాగుతూ, బీళ్లలో ఎండుగడ్డి కొరుక్కుని బతికిన జీవికి మా ఇంట్లో పనంటూ లేకుండా పోయింది, మేత మాత్రం పుష్కలం. కరువులో వ్యాపారి ఇంటి గుర్రం బక్కగా కనబడితే అంగడి దివాలా తీసిందని ఊరు చెప్పుకుంటుంది కనుక, నాయన దానికి పొద్దున జొన్నలు, మధ్యాహ్నం నూనె తీసిన శనక్కాయల చెక్క, సాయంత్రం బెల్లం పెట్టించేవాడు. చుట్టాలొస్తే కాఫీ ఇచ్చి, దాని పొట్ట చూపించేవాడు. వాళ్లూ తలా ఒక బెల్లం ముక్క దాని నోట్లో పెట్టి పుణ్యం కట్టుకునేవారు. కొన్నాళ్లకు అది పీపాకు కాళ్లు మొలిచినట్టు తయారైంది.

ఒకరోజు చూసిపోదామని వచ్చిన జట్కా తాత, ముందుకాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడ్డ గుర్రాన్ని చూసి, గిట్టల మీద చెయ్యి పెట్టాడు. అవి పెనంలా కాలుతున్నాయి.

"శెట్టీ, దీన్ని నాకియ్యప్పా. తిండి తగ్గించి మెత్తటి ఇసకలో పెట్టుకుంటా. ఈడుంటే సచ్చిపోతాది."

"ఏమప్పా, శెట్టి పొట్టి గుర్రాన్ని గూడా సాకలేకపోయినాడని ఊరంతా నవ్వల్లా?"

"ఇచ్చెయ్ నాయనా," అంది చెల్లెలు గుమ్మంలోంచి. దానికోసం అలిగిన పిల్లే దాన్ని పోనిమ్మని బతిమాలింది. నాయన ఇవ్వలేదు. పైగా ఆ సాయంత్రం బెల్లం ఒక ముక్క ఎక్కువే పెట్టించాడు.

పశువుల డాక్టరు వచ్చేసరికి అది పడుకుని ఉంది. తిండి ఎక్కువై గిట్టల్లో ఎముక కిందికి దిగిపోయిందని, సూదేసి బాధ తీర్చడం తప్ప దారి లేదని చెప్పి, ఆ పనే చేశాడు.

"ఈ కరువులో తినీ తినీ సచ్చింది ఇదొక్కటేనప్పా," అని పక్కింటి అవ్వ గోడ మీదుగా అంది. నవ్వు రావాల్సిన మాటే. చావింట్లో కూడా నవ్వగలిగిన నాకే రాలేదు.

చెల్లెలు ఏడవలేదు. రాత్రి నాయన అలవాటుగా మారు అన్నం వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి చాలా ఏళ్లు అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడా పెరట్లో గచ్చు పోయించి మోటారు సైకిళ్లు పెడుతున్నాం. వద్దంటున్నా వడ్డించడమే మర్యాదగా బతికిన ఇల్లు మాది; మా ఇంట్లో తిని తేలిగ్గా లేచిన చుట్టం ఒక్కడూ లేడు. పెళ్లయి రాప్తాడులో ఉంటున్న చెల్లెలు వచ్చినప్పుడల్లా నాయన అన్నం గరిటెతో దగ్గరికొచ్చి, ఒక్క క్షణం ఆగి, "సాలామ్మా?" అని అడుగుతాడు. ఒకప్పుడు మా ఇంట్లో కంచం ముందు ఆ మాట అడగడమే తప్పు. సాలని ఆమె అంటే, ఆ గరిటె అట్లాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతాడు.