మా ఊరు చేయలేని నాణెం

పులివెందులలో నన్ను ఎవరూ దొంగ అనలేదు. అని ఉంటే అక్కడికక్కడే తేల్చుకునేవాణ్ణి. నా నాణేన్ని ఒకసారి తిప్పి చూసి, చిన్నగా నవ్వి, బల్ల మీది నుంచి తీసి పక్కన పెట్టారు. అంతకంటే పెద్ద తిట్టు నాకు ఈ జన్మలో తగల్లేదు.

నాకు ప్రొద్దుటూరులో కిరాణా అంగడి ఉంది. గల్లాపెట్టెలోకి వచ్చే చిల్లరలో తప్పుగా పడిన నాణేలను ఏరి దాచడం పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. టంకశాలలో యంత్రం కిందికి బిళ్ల సరిగా జరగకపోతే ముద్ర ఒక పక్కకు ఒరిగి, మిగిలిన భాగం నెలవంకలాగా బోడిగా ఉండిపోతుంది. అచ్చు చిట్లితే సింహం మెడ మీద లేని గీత లేస్తుంది. సంవత్సరం కింద చుక్క ఉందా, వజ్రం గుర్తు ఉందా చూసి నాణెం ఎక్కడిదో చెప్పగలను. మా వాళ్లలో దీన్ని ఎవరూ విద్యగా లెక్కపెట్టలేదు. మా అక్క భర్తకు బంగారు అంగళ్ల వీధిలో నగల దుకాణం. ఆ బావ పెళ్లిళ్లలో నలుగురూ వినేటట్టు, "మేము చెల్లే సరుకు అమ్ముకుంటాంటే, మా బామ్మర్ది చెల్లని దుడ్లు ఏరుకుంటాండాడు" అనేవాడు. ఏ పెళ్లిలో అన్నాడో, ఏ వరసలో ఎవరు నవ్వారో అన్నీ నాకు గుర్తున్నాయి.

పులివెందులకు తీసుకెళ్లిన ఆ నాణెం జమ్మలమడుగు బస్టాండులో దొరికింది. సోడా తాగి నోటు ఇస్తే, అంగడాయన చిల్లరలో ఒక రెండు రూపాయల బిళ్ల ఇవ్వబోయి, చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. ఎవరో అంటగట్టి పోయారని, అది చెల్లదని అన్నాడు. నేను అదే కావాలన్నాను. పలకలు తీరిన పాత రకం బిళ్ల అది. ఒక వైపు సింహాలు ఎప్పటిలాగే ఎత్తుగా ఉన్నాయి. తిప్పితే, దేశపటం ఉండవలసిన చోట మళ్లీ అవే సింహాలు, కానీ లోపలికి దిగి, అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి ఉన్నాయి. ముందు కొట్టిన నాణెం కింద పడకుండా పటం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ల మీద అచ్చుకు బదులు ఆ నాణెమే పడుతుంది. పుస్తకాల్లో బొమ్మ చూశానే తప్ప చేత్తో పట్టుకోవడం అదే మొదలు. నేను ఎక్కవలసిన బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. పోనిమ్మన్నాను.

ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు, ఈ మూడు ఊళ్లలో నాణేలు సేకరించేవాళ్లం ఏటా ఒక ఊళ్లో కలుస్తాం. ఎవరి సేకరణ వారు బల్లల మీద పరుస్తాం, బడిపిల్లలు వచ్చి చూస్తారు. ఆ ఏడు పులివెందుల వంతు. ఏ ఊళ్లో కలిసినా ఏది బల్ల ఎక్కాలో, ఏది ఎక్కకూడదో తేల్చేది పులివెందుల రైతు ఒకాయన. పొలాలున్నవాడు, పాత రాజుల నాణేలు ఉన్నవాడు. అందరూ పెద్దాయన అంటారు, నేనూ అలాగే అనేవాణ్ణి.

"ప్రొద్దుటూరు నుంచి వచ్చింది కదప్పా ఇది. బంగారు పనోళ్ల ఊరు, మీ ఊర్లో ఏమన్నా కొట్టిస్తారు" అన్నాడాయన.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. యాడ కొట్టించినట్టుందో చూపించమని అడిగాను. చూపించే పనేముందని, ఇట్లాంటివి శానా చూశామని అన్నాడు. నేను డబ్బా మొత్తం సర్దుకుని వచ్చేశాను. మా లోకంలో చేయించిన నాణెం తెచ్చాడన్న పేరు ఒకసారి పడితే, అతని దగ్గరున్న మిగతావి కూడా చేయించినవే అయిపోతాయి. తిరుగు బస్సులో ముద్దనూరు దాటేదాకా ఆ డబ్బాను ఒళ్లోంచి దించలేదు.

మర్నాడే మా బావ దుకాణానికి వెళ్లాను. ఇష్టం ఉండి కాదు. ప్రొద్దుటూరులో చేసిందో కాదో ప్రొద్దుటూరు పనివాళ్లే చెప్పాలి, అందుకని. జరిగింది చెప్పి నాణెం ఆయన చేతిలో పెట్టాను. నేను వద్దనేలోగా దాన్ని గీటురాయి మీద బర్రుమని గీశాడు.

సేకరించేవాడు నాణేన్ని గుడ్డతో కూడా తుడవడు. ఆయనకేమో ఏ లోహం చేతికొచ్చినా ముందు రాయి మీద పెట్టడం శ్వాస తీసుకున్నంత అలవాటు. ఇప్పుడు పరీక్షకు యంత్రాలొచ్చినా ఆ వీధిలో చేతులు మాత్రం మారలేదు.

"గీటు పెట్టకుండా ఎట్ల చెప్తారప్పా? నువ్వేందో నీ బిడ్డను కొట్టినట్ల చూస్తాండావు" అన్నాడు.

అంచున పడిన ఆ గీతను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఆయన తర్వాత అన్న మాటకు ఆ గీత కూడా మరిచిపోయాను. నాణేన్ని భూతద్దం కింద చూసి, "ఇంతేనా? సాయంత్రానికి ఇట్లాంటిది మా వెనకింట్లో చేపిస్తా" అన్నాడు.

అంటే పులివెందుల పెద్దాయన చెప్పిందే నిజమవుతుంది. వద్దనలేను. వద్దంటే నాకే నమ్మకం లేనట్టు. చేయించమన్నాను. చెలామణి పోయిన పావలాలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. ఒక పావలా ఖడ్గమృగం వైపు మీద ఇంకో పావలా సింహాలు వచ్చేటట్టు పెట్టి, పతకాలు కొట్టే మరలో బిగించారు. నేను స్టూలు మీద కూర్చుని, వాళ్లిచ్చిన టీ ముట్టకుండా చూస్తూ ఉన్నాను.

మొదటిది తీశారు. సింహాలు లోపలికి బాగానే దిగాయి. మా బావ చేయి మీసం మీదికి పోయింది. నేను భూతద్దం తీసుకుని పావలాను వెనక వైపుకు తిప్పాను. అటువైపు ఉన్న సింహాల ముఖాలు నలిగి చదునైపోయాయి. ముందువైపు లోతు సింహాల మధ్య ఖడ్గమృగం కొమ్ము ఇంకా కనపడుతూనే ఉంది. నా దానిలో ఎత్తు సింహాల జూలు వెంట్రుక వెంట్రుకగా ఉంది. దేశపటం జాడ వెతికినా లేదు, ఎందుకంటే ఆ పటం దాని మీద ఎన్నడూ పడలేదు.

మా బావ ఒప్పుకోలేదు. కింద తోలు పెట్టించాడు, తర్వాత సీసం పెట్టించాడు. వెనక నలగకుంటే ముందు దిగదు, ముందు దిగినా కొమ్ము పోదు. దీపాలు పెట్టేవేళకు చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు: "ఇది మాతో కాదు బామ్మర్దీ."

ఆయన ముఖం చిన్నబోయింది. తన ఊరి చేతికి కానిది ఒకటుందని ఆయన బాధ. నాకు మాత్రం ఆ మాట సన్మానంలాగా వినిపించింది. నలిగిన పావలాలన్నీ అడిగి తీసుకున్నాను.

మరుసటేడు జమ్మలమడుగు వంతు. ఈసారి పక్కన మా బావ కూడా ఉన్నాడు, పిలవకుండానే వచ్చాడు. పెద్దాయన ముందు నా బిళ్ల, దాని చుట్టూ పావలాలు పెట్టి, ఇవి ప్రొద్దుటూరులో కొట్టినవి, ఇది కాదు అని మాత్రం చెప్పాను. ఆయన భూతద్దం తీశాడు. ఒక్కొక్కటీ రెండు వైపులా చూశాడు. కొమ్మును గోటితో తడిమాడు. మా బావ దగ్గాడు.

చివరికి పెద్దాయన నా నాణేన్ని తానే బల్ల మధ్యలో పెట్టి, "టంకశాల తప్పేనప్పా. నేను తొందరపడినా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేటట్టు.

పులివెందులలో ఆయన అంత మెల్లగా అనలేదు. ఆ రోజు నవ్వినవాళ్లలో చాలామంది ఇక్కడా ఉన్నారు, ఎవరెవరో నాకు తెలుసు.

"కొంచెం గట్టిగా చెప్పు పెద్దాయనా" అన్నాను. "ఎనకున్నోళ్లకు ఇనపడలేదు."

ఆయన నన్ను ఒకసారి తేరిపార చూశాడు. తర్వాత లేచి నిలబడి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.