కోడిపుంజు మీద వేసిన నింద

నలభై ఏళ్ళ కిందట నేనొక కోడిపుంజు మీద నింద వేశాను. ఆ బరువు ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను.

నవ్వొచ్చింది కదూ? రానివ్వండి. నాకూ వస్తుంది. దీంతో నాకున్న చిక్కే అది. చెప్పబోతే ముందు నవ్వొస్తుంది, నవ్వు ఆగేసరికి ధైర్యం పోతుంది. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నవ్వినా చెయ్యి ఆగదు కదా. పేరు మాత్రం రాయను. అరవై దాటిన ఒకావిడ, చేతిలో ఎప్పుడూ అల్లిక సూదులుండే మనిషి అనుకోండి. మీరు నా ఎదురుగా కూర్చుని వింటున్నారని నేననుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో రెండు గదుల వాటాలో దిగాం. డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్నాను. కూర్చుంటే ఊరుకునేదాన్నా? తమ్ముళ్ళతో కయ్యాలు, పక్క వాటావాళ్ళతో కబుర్లు. మా అమ్మ విసిగిపోయి నన్ను అమీర్‌పేటలో సలోమీ టీచర్ గారి దగ్గర చేర్పించింది.

ఇప్పటి అమీర్‌పేట చూసి ఆనాటిది ఊహించుకోవడం కష్టం. కోచింగ్ సెంటర్ల బోర్డులు లేవు. టీచర్ గారి సందులో పెంకుటిళ్ళు, ప్రహరీల మీంచి వంగిన జామ కొమ్మలు, మూలమీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ టకటక. టీచర్ గారు బడిలో కుట్టుపని నేర్పి రిటైరయ్యారు. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆమె వరండాలో పదిమంది ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. కొత్త ఊలు తేవడానికి వీల్లేదు. కొత్తది కొనుక్కునేవాళ్ళు కొట్టుకే పోవాలట, ఆమె దగ్గరికెందుకట.

పాత స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మోచేతుల దగ్గర చిరిగిన కోట్లు తెచ్చుకునేవాళ్ళం. అతుకులు కోసి, కొస పట్టుకుని లాగితే ఊలు వంకర్లు తిరుగుతూ వచ్చేది. కుర్చీ వీపుకు చుట్టి చిలపలు కట్టి, కుంకుడు రసంలో ఉతికి, కింద ఇత్తడి చెంబు వేలాడదీసి ఆరేస్తే తెల్లారేసరికి వంకర్లన్నీ పోయేవి. ఒకరి తాతగారి మఫ్లర్ ఇంకొకరి చేతిసంచి అయ్యేది. మీదికి అలంకారాలంటారా, దొరికిందల్లా అలంకారమే. జత పోయిన చెవికమ్మలు, పగిలిన గాజుముక్కలు, కూల్‌డ్రింక్ మూతలు, చెడిపోయిన గడియారం పళ్ళచక్రాలు. శనివారం అందరం కలిసి పంజగుట్టలో, మాతోపాటే నేర్చుకునే హసీనా ఆపా వాళ్ళాయన టైలర్ షాపుకు వెళ్ళి, వారమంతా కింద పడ్డ గుండీలూ హుక్కులూ ముక్కలూ ఊడ్చి తెచ్చుకునేవాళ్ళం. పంచుకునేటప్పుడు మేం వేసే గోలకు ఆయన మిషన్ ఆపి నవ్వుతూ చూసేవాడు. ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానా అని చాలాసార్లు ఆలోచించాను. ఉన్నానేమో. కానీ అంత గోలగా మాత్రం లేను.

టీచర్ గారికి ఒకే ఒక్క కట్టుబాటు. సగం అల్లిన పనిని సూది మీంచి తీసి పక్కన పెట్టేటప్పుడు, ఆ కుట్లన్నిటిలోంచి ఎర్రదారం దూర్చి ముడి వెయ్యాలి. అది చూస్తే ఎవరూ ముట్టకూడదు. పాతవి విప్పడమే మా పని కాబట్టి, దేన్ని విప్పకూడదో చెప్పడానికి ఏదో ఒక గుర్తు కావాలిగా.

ఇక ఆ ఇంటి కోడిపుంజు. దాని పేరు దొర. పేరుకు తగ్గ నడక. ఊలు కొస కనపడితే పురుగనుకుని ముక్కున కరుచుకుని పరుగెత్తేది. ఒకసారి నీలం ఉండ కొస పట్టుకుని గేటు దాటి బస్‌స్టాప్ దాకా పోతే, పదిమందిమి చెంగులు బిగించి దాని వెనక పరుగెత్తాం. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు సంగతి మరిచిపోయి చూశారు.

హసీనా నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అందుకే ఆపా, అంటే అక్క, అని పిలిచేదాన్ని. పెళ్ళయిన ఆరేళ్ళకు మొదటిసారి కడుపుతో ఉంది. ఆమె తెచ్చుకున్నది విప్పడానికి కాదు, పూర్తి చెయ్యడానికి. పసిపాప దుప్పటి, సగమే అల్లింది. పుట్టబోయే బిడ్డ కోసం వాళ్ళ అమ్మ తన పాత స్వెట్టర్లు రెండు విప్పి, రాగిరంగు పోగూ తేనెరంగు పోగూ కలిపి మొదలుపెట్టి, మధ్యలోనే కన్నుమూసింది. ఆ అల్లికకు ఆమె పెట్టుకున్న పేరు అనార్ దానా, దానిమ్మ గింజ. మూడు చిల్లుల మధ్య ఒక గింజ ఉబ్బెత్తుగా, నిజంగానే ఒలిచి పెట్టినట్టుండేది. అది ఎవరికీ నేర్పకుండానే ఆమె వెళ్ళిపోయింది. దాన్ని చూసి నేర్చుకుని, మిగతా సగం తన చేత్తో అల్లి, అందులో బిడ్డను చుట్టాలని ఆపా ఆశ.

టీచర్ గారు కళ్ళద్దాలు తుడిచి తుడిచి చూశారు. మూడు వరుసలు పట్టుకున్నారు. నాలుగోది అందలేదు. ఆమె అల్లితే చిల్లులు వచ్చేవి కానీ గింజ ఉబ్బేది కాదు. అందరం ప్రయత్నించాం. నేను మరీ పట్టుదలగా. క్లాసులో చెయ్యి తిరిగినదాన్ని నేనే అని నా నమ్మకం. నమ్మకమా, పొగరా? పొగరే.

ఒక గురువారం గంట ముందే వెళ్ళాను. టీచర్ గారు లోపల కునుకు తీస్తున్నారు. ఆపా సంచీ వరండాలో మేకుకు వేలాడుతోంది. కడుపుతో ఉన్న మనిషి, మోసుకు తిరగలేక అక్కడే వదిలి వెళ్ళేది.

నాలుగే నాలుగు వరుసలు. విప్పి, చూసి, మళ్ళీ కుట్లు ఎక్కించేద్దాం అనుకున్నాను. అల్లిక తెలియనివాళ్ళకు ఈ ఆలోచన రానే రాదు. బాగా తెలిసినవాళ్ళు ఆ పని చెయ్యరు. నాలా సగం తెలిసినవాళ్ళే చేస్తారు. ఎర్రదారం ముడి విప్పి, లాగి, ఎప్పటి అలవాటు చొప్పున చూపుడువేలికి చుట్టుకున్నాను. ఒక్కో కుట్టూ వదులుతూ చూశాను. నాలుగో వరుసలో రహస్యం దొరికింది. దొరకగానే ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టాను. నిజం చెప్పాలి కదా, ఆ సంతోషం తలచుకుంటే ఈనాటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అదే నాకు సిగ్గు.

తర్వాత కుట్లు ఎక్కించబోయాను. చిల్లుల అల్లికలో కుట్లు ఒకదాంట్లోంచి ఒకటి జారిపోతాయి. ఒకటి పట్టుకుంటే రెండు జారాయి. కింద వరుసలో పట్టుకుందామని ఇంకొంచెం విప్పాను. అక్కడ పాత ఊలు పుటుక్కున తెగింది. ఇంకా కిందికి పోయాను. ప్రతిసారీ, ఈ ఒక్క వరుసే అనుకున్నాను. తలెత్తి చూసేసరికి ఒళ్ళో ఊలు గుట్ట, చేతిలో జానెడు దుప్పటి.

లోపల టీచర్ గారు దగ్గారు. మంచం కిర్రుమంది.

సరిగ్గా అప్పుడే దొర మెట్లెక్కి వచ్చి, తల పక్కకు వాల్చి నన్ను చూసింది. నేనేం ఆలోచించానో నాకు తెలియదు. తెలియదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. ఊలు కొస దాని కాలికి చుట్టి, దాన్ని మెట్ల మీంచి కిందికి తోసి, వెళ్ళి గేటు దగ్గర అప్పుడే వస్తున్నదానిలా నిలబడ్డాను.

దొర తన వంతు పని బ్రహ్మాండంగా చేసింది. కాలికేదో తగులుకుందని బెదిరి జామచెట్టు చుట్టూ పరుగే పరుగు. మిగిలిన జానెడూ విడిపోయింది. ఒకరొకరుగా వచ్చినవాళ్ళు అది చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. జామచెట్టు మొదలంతా రాగిరంగు ఊలు. అది ఎవరి ఊలో గుర్తుపట్టాక ఒక్కొక్కరూ వంగి ఊలు ఏరడం మొదలుపెట్టారు.

హసీనా ఆపా వచ్చింది. చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆపా నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏడుస్తున్నవేంది పిల్లా? నువ్వేం జేసినవ్? దొరకేమెరుక, అది మా అమ్మీ చేతిదని."

"దుప్పటి పోయింది, ఆపా."

"పోయింది. ఊలు యాడికి పోయింది, గీడనే ఉన్నది గద. నీ పుంజుకు తోక దొర్కుతలేదన్నవ్ కదా, సగం తీస్కో. జర మంచిగ జెయ్యి, మస్తు కనబడాలె."

సంగతేమిటంటే, నెలాఖరున పంజగుట్టలో ఒక చర్చి హాల్లో మా పనుల ప్రదర్శన ఉంది. నేను దొర బొమ్మనే గోడకు వేలాడదీసే పటంగా అల్లుతున్నాను. తోకకు సరైన రంగు దొరక్క వారం నుంచి సణుగుతున్నాను. ఆపా ఊలు మీద నా కన్ను పడలేదని చెప్పలేను. దుప్పటి విప్పింది ఊలు కోసం కాదు. కానీ ఆమె ఇస్తానన్నప్పుడు వద్దని అనలేదు. తీసుకున్నాను.

టీచర్ గారు దొరను పట్టుకుని కాలి ముడి విప్పారు. తర్వాత నా చేతి వైపు చూశారు. చూపుడువేలికి ఎర్రదారం ఇంకా అలాగే ఉంది. తేలు కుట్టిన దొంగలా చెయ్యి చెంగులో దాచాను. ఆ మర్నాటి నుంచి వచ్చి దొరకు గింజలు నన్నే వెయ్యమన్నారు. క్లాసు జరిగినంతసేపూ దొరను గంప కింద మూసేవారు. గంప సందుల్లోంచి అది ఒంటికన్నుతో నన్నే చూస్తూ ఉండేది. ఆమెకు తెలుసా? తెలిసే ఆ పని నాకప్పగించారా? అడగలేకపోయాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

నా పుంజు మాత్రం ప్రదర్శనలో వెలిగిపోయింది. గడియారం చక్రం కన్ను, ఎర్ర జిప్పు జుట్టు, కూల్‌డ్రింక్ మూతల రెక్కలు, రాగీ తేనే కలిసిన తోక. పిల్లలు దాని ముందునుంచి కదల్లేదు. దాన్ని నేను ఆపాకే ఇచ్చేశాను. ఆమె ముందుగదిలో, అందరికీ కనపడేలా తగిలించుకుంది. మిగతా సగం ఊలుతో మామూలు సాదా అల్లిక దుప్పటి అల్లి, అందులోనే పుట్టిన బిడ్డ నూరీని చుట్టింది.

అప్పటినుంచి ప్రతి పండక్కీ వాళ్ళింటికి వెళ్తాను. ప్రతి పండక్కీ షీర్ ఖుర్మా గిన్నె చేతికిచ్చి, ఆపా కొత్తగా వచ్చినవాళ్ళకు దొర కథ చెబుతుంది. దొర జామచెట్టు చుట్టూ ఎట్లా తిరిగిందో చేతులు తిప్పుతూ చూపిస్తుంది. గదంతా నవ్వుతుంది. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను. ఆమె అంత బాగా చెబుతుంది మరి, నవ్వకుండా ఉండలేం.

అసలు తప్పు దుప్పటి విప్పడం కాదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఊలు మిగిలింది, అల్లిక పోయింది. ఆ అల్లిక లోకంలో నా ఒక్కదాని చేతుల్లోనే ఉంది. నేర్పితే, నీకెట్లా తెలుసని అడుగుతుంది. కాబట్టి నేర్పలేదు. ఆ రోజుల్లో ఆమె గుర్తున్నంత మేర అల్లి, తప్పు పోయి, విప్పి, మళ్ళీ అల్లుతుంటే పక్కనే కూర్చుని చూశాను. నన్ను ప్రయత్నించమంటే కావాలని తప్పు అల్లాను. దుప్పటి ఒక్క మధ్యాహ్నపు పని. ఇది నలభై ఏళ్ళు చేసిన పని. ఒక మంచి మనిషి దగ్గర ఇంత ప్రేమ పొందుతూ ఇది ఎలా చెయ్యగలిగాను? భయమా? మొదట భయమే. తర్వాత, ఆ ఇంట్లో నాకున్న చోటు పోతుందేమోనని. ఆ చోటంటే నాకు అంత ఇష్టం.

మొన్న వెళ్ళాను. ఆపా చిన్నకోడలికి ఏడో నెల. ఆపా గోడ మీది పుంజు వైపు చూసి, అమ్మీ అల్లిక వచ్చి ఉంటే ఈ బిడ్డకైనా అల్లేదాన్ననీ, వేళ్ళు ఇంకా బాగానే ఆడుతున్నాయనీ అంది. నేను తల ఊపి లేచి వచ్చాను. పంజగుట్ట నుంచి ఎస్.ఆర్. నగర్‌కు మెట్రోలో రెండు స్టేషన్లు. ఆ కాస్త దూరంలోనే చేతులు వాటంతటవే గాలిలో అల్లడం మొదలుపెట్టాయి. ఎదురుగా కూర్చున్న అమ్మాయి నన్ను చూసి నవ్వింది.

ఈ కాగితం ముందు మీరు చదివారు. ఆపా చదివాక నన్ను గుమ్మం ఎక్కనిస్తుందో లేదో నాకు తెలియదు. ఎక్కనివ్వమని అడగను కూడా. కానీ ఇది రాస్తుంటే చేతికి ఎంత తేలికగా ఉందో.

అనార్ దానా. ఆరేసి కుట్లకు ఒక గింజ.

మొదటి వరుస: మూడు సీదా, ఊలు ముందుకు తెచ్చి ఒక కొత్త కుట్టు, రెండు కలిపి ఒకటి, ఒకటి సీదా.

రెండో వరుస: అన్నీ ఉల్టా.

మూడో వరుస: ఒకటి సీదా, రెండు కలిపి ఒకటి, ఊలు ముందుకు, ఒకటి సీదా, ఊలు ముందుకు, రెండు కలిపి ఒకటి.

నాలుగో వరుస: రెండు ఉల్టా, మూడోది అల్లకుండా దాటెయ్యాలి, మూడు ఉల్టా.

దాటేసిన ఆ ఒక్క కుట్టే గింజను పైకి లేపుతుంది. ఎంత వెతికినా అది పైకి కనపడదు ఆపా, విప్పినవాళ్ళకే తెలుస్తుంది. విప్పింది దొర కాదు. నేను.