చారల కోటు మీద ఇరవై ఎనిమిది

వెండమ్ కాలేజీలో ఆల్డెన్ థేయర్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. యాభై తొమ్మిదేళ్ళు వచ్చినా అక్కడ అతను "విన్ థేయర్ గారబ్బాయి". తాత అక్కడే చదివాడు, తండ్రి అక్కడే, ఇతనూ అక్కడే. అంత గొప్ప చోట చదివి ఏం వెలగబెట్టాడయ్యా అంటే, గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ప్రభుత్వ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాడు. భార్య దేశానికి అవతలి చివరున్న ఆరెగాన్ వెళ్ళిపోయి ఇంకొకణ్ణి చేసుకుంది. ఇంట్లో మిగిలింది అతనూ, కూతురు ఫీబీ.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం అతనూ మనుషుల్లో పడేవాడు. జూన్ మొదట్లో పాత విద్యార్థుల ఊరేగింపు. కర్ర పట్టుకున్న ముసలి బ్యాచీలు ముందు, ఆ వెనక వరసగా మిగతావాళ్ళు, ఒక్కో బ్యాచీకి ఒక్కో రకం చారల కోటు. పిల్లలకీ చిన్న కోట్లుంటాయి. బిడ్డ ఏ ఏడాది డిగ్రీ పుచ్చుకోవాలో లెక్కగట్టి, ఆ ఏడాది చివరి రెండంకెలు వీపు మీద కుట్టిస్తారు. వెండమ్ వాళ్ళకది తప్పుగా తోచదు. ఆల్డెన్ కూడా ఫీబీ పుట్టిన వారంలోనే "28" అని కుట్టించాడు. పిల్లకింకా పేరు కూడా పెట్టలేదప్పటికి.

ఏటా ఆ కోటు వేసుకుని తండ్రి చెయ్యి పట్టుకు నడిచేది ఫీబీ. చేతులు పొట్టయితే కొత్త గుడ్డ అతికించారు. పద్నాలుగో ఏట మానేసింది.

మార్చి నెలాఖర్లో ఒక సాయంత్రం టమాటా సూప్ తాగుతూ చెప్పింది. "వెండమ్ నుంచి జవాబొచ్చింది నాన్నా. వెయిటింగ్ లిస్టు."

ఆల్డెన్ స్పూను ఆగిపోయింది. "థేయర్లకి వెయిటింగ్ లిస్టా?"

"థేయర్లకి కాదు, నాకు. మీవాళ్ళెవరైనా ఇక్కడ చదివారా అని అప్లికేషన్లో అడిగారు, అలాంటివాళ్ళకి ముందు సీటిస్తారుగా. ఎవరూ లేరన్నాను."

"తాతయ్య? ముత్తాత? నేను?"

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి... అలా వెళ్ళమంటావా?" నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం నవ్వలేదు. "నిన్ను తీసుకున్నప్పుడు నిన్ను చూసి తీసుకున్నారా, తాతయ్యను చూసా?"

అతను సూప్‌లో రొట్టె ముక్క ముంచి, అది నానిపోయి విరిగి పడేదాకా అలాగే పట్టుకున్నాడు. నలభై ఏళ్ళుగా అతనికీ తెలియని సంగతే అది. తరగతిలో మంచి మార్కు వస్తే తనదనుకునేవాడు, చెడ్డ మార్కు వస్తే ఇంకొకడి సీట్లో కూర్చున్నాననుకునేవాడు.

"ఒక్కటే అడుగుతున్నా. నువ్వెవరికీ ఫోన్ చెయ్యకు. వాళ్ళకి నేను కావాలో వద్దో నాకు తెలియాలి."

"చెయ్యను," అన్నాడు.

ఆ జూన్‌లో ఊరేగింపుకి ఒక్కడే వెళ్ళాడు. అప్పటికే స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయం చేసుకున్న ఫీబీ ఐస్‌క్రీం కొట్లో పనికి పోయింది. గేటు దగ్గర వీపు మీద చరిచినవాడు ప్రెస్కాట్ లడ్లో అనే పాత నేస్తం. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉండేవాడు, ఇప్పుడు పెద్ద బ్యాంకరు, కాలేజీ పాలకమండలిలో కూడా ఉన్నాడు.

"ఒరేయ్ ఆల్డీ! ఇంకా ఈ కోటు నీకు పడుతోందా? కెమిస్ట్రీ తిండి పెట్టట్లేదేమిట్రా!"

"నీకు బ్యాంకు రెండు కోట్లు నిండేంత తిండి పెట్టినట్టుంది."

ప్రెస్కాట్ పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. "పిల్లేదిరా? ఈ ఏడే కదా చేరాల్సింది?"

ఒక్క మాట చాలు. "వెయిటింగ్ లిస్టులో ఉందిరా" అంటే చాలు, మిగతాది ప్రెస్కాట్ చూసుకుంటాడు. అక్కడ ముఖం చూసి బొట్టు పెట్టడం కొత్త కాదు. పక్కనే ఎవరిదో చంటిపిల్ల "46" కోటులో నిద్రపోతోంది. వచ్చే జూన్‌లో ఫీబీ తన పక్కన నడుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది," అన్నాడు ఆల్డెన్.

"థేయర్ పిల్లా? ఛ! పోనీలే." ప్రెస్కాట్ మొహంలో జాలి కనిపించింది. బ్యాండు మొదలైంది.

రెండు వారాలకి వెండమ్ నుంచి ఫోనొచ్చింది. సీటు ఇస్తామన్నారు. ఫీబీ ఆలోచించుకుని చెప్తానని పెట్టేసి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదమ్మా. ఒట్టు."

"ప్రెస్కాట్ అంకుల్ కనపడ్డాడా?"

"కనపడ్డాడు. స్టేట్‌కి పోతోందనే చెప్పాను."

"అయితే ఆయనే జాబితాలో నా పేరు చూసి ఒక మాట వేసుంటాడు. లేకపోతే మన ఇంటిపేరు చూసి వాళ్ళే ఇచ్చుంటారు. లేకపోతే..." ఆగింది. "లేకపోతే నిజంగా నాకే ఇచ్చారేమో. ఎలా తెలుస్తుంది?"

"నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్ముతాను నాన్నా. ఆ సీటునెలా నమ్మను?"

మర్నాడు తనే ఫోన్ చేసి, సీటు వద్దని చెప్పేసింది. తండ్రిని సలహా అడగలేదు, అతను ఆపనూ లేదు. ఆగస్టులో స్టేట్ యూనివర్సిటీ హాస్టల్లో ఆమె పెట్టెలు దించి వచ్చాక, ఆల్డెన్ ప్రెస్కాట్‌కి ఫోన్ చేద్దామని కూర్చున్నాడు. ఒక మాట వేశావట్రా అని అడగాలి. అవునంటే కూతురికి ఏమని చెప్పాలి? కాదంటే తనే నమ్మడు. ఫోను పక్కన పెట్టేశాడు. ఒక మనిషికి పెట్టిన సూప్ వేడి చేసుకున్నాడు.

ఆదివారాలు ఫీబీ ఫోన్ చేస్తుంది. చదువు గురించి, హాస్టల్ తిండి గురించి చెబుతుంది. వెండమ్ మాట ఇద్దరూ ఎత్తరు. దాన్ని తప్పించుకుంటూ మాట్లాడేసరికి మాటలు త్వరగా అయిపోతాయి.

మరుసటి జూన్‌లో అతను వెళ్ళకూడదనే అనుకున్నాడు. తెల్లారేసరికి కోటు వేసుకుని కారెక్కాడు. అక్కడ కాకపోతే ఇంకెక్కడికి పోతాడు? వరసలు సర్దే కుర్రది జాబితా చూస్తూ అడిగింది.

"థేయర్ గారూ, ఈ ఏడు మూడు తరాల కుటుంబాలు అందరికంటే ముందు నడవాలండీ. మీవాళ్ళు వస్తున్నారా?"

"లేదమ్మా, ఒక్కణ్ణే."

"అయితే వెనక్కండీ," అంది ఆ పిల్ల మర్యాదగా. ఆల్డెన్ వెనక్కి నడిచాడు.