ఆగమ్మ మింగని గోలీలు

మంచిర్యాల నుంచి వచ్చి లాల్‌దర్వాజాలో గది అద్దెకు తీసుకున్నప్పుడు రశ్మికి ఊళ్లో ఒక్క మనిషీ తెలియదు. ప్రజారోగ్యం చదువుతోంది. బీపీ ఉన్నవాళ్లకు ఇంటింటికీ మందులిచ్చే పథకం ఎలా నడుస్తోందో చూసి రాయడం ఈ ఏడాది ఆమె పని. రోజంతా జనాన్ని ప్రశ్నలడిగేది. ఆమెను తిరిగి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆదివారాలైతే నోరు విప్పే పనే పడేది కాదు.

ఉన్న తోడల్లా ఆ గల్లీల్లో మందులు పంచే ఆశా కార్యకర్త కళావతి. ఏ గల్లీలో కుక్క మీదికొస్తుందో, ఏ ఇంటికి ఎప్పుడు వెళ్తే విసుక్కోరో అన్నీ చెప్పేది. మధ్యాహ్నం గుడి అరుగు మీద టిఫిన్ డబ్బా విప్పి, "ఒక్కదానివి ఏం వండుకుంటవ్ చెల్లె, తిను" అని సగం పెట్టేది.

యాభై మూడో ఇల్లు ఆగమ్మది. ముసలామె, మేడ మీది ఒంటిగదిలో ఉంటుంది. మందులు అందుతున్నాయా అంటే అందుతున్నాయంది. రశ్మి ఫారంలో టిక్కు పెట్టి, దాహమేసి మంచినీళ్లడిగింది. గ్లాసు కోసం ఆగమ్మ అల్మారా తెరిస్తే, మూడు నెలల గోలీలు విప్పకుండా కనిపించాయి.

"మింగుతలేవా అవ్వా?"

"మింగితె గంటకోపారి పోవాలె బిడ్డా. బాత్రూం కిందున్నది. ఇర్వై మెట్లు దిగాలె, ఎక్కాలె. కళావతికి చెప్తె లొల్లి చేస్తదని చెప్పలే."

ఫారంలో మందులు అందాయా అన్న ప్రశ్నే ఉంది, మింగుతున్నారా అన్నది లేదు. రశ్మి అంతకుముందు చూసిన ఇళ్లన్నీ ఒక్కతే మళ్లీ తిరిగింది, మిగిలిన ఏడూ చూసింది. మొత్తం అరవై ఇళ్లలో పందొమ్మిది చోట్ల గోలీలు అలాగే ఉన్నాయి. కారణాలతో సహా రాసి పథకం ఆఫీసులో ఇచ్చింది. ఎవరి పేరూ రాయలేదు. కానీ ఆ గల్లీలకు ఉన్నది ఒక్క కార్యకర్తే. మీటింగులో ఆ ఆఫీసు పెద్దసారు అందరి ముందూ కళావతిని నిలబెట్టి అడిగాడు.

మరునాడు రశ్మి వెళితే కళావతి గుమ్మం దాటి రానివ్వలేదు.

"నీ తప్పని రాయలేదక్కా. ఫారం సక్కగ లేదని రాసిన."

"నాకు ముందుగాల్ల ఒక్క మాట చెప్తె ఏమైతుండె? నేనే పోయి అడుగుతుంటి గద!"

ముందే చెబితే లెక్క మారిపోతుందని క్లాసులో నేర్పారు. ఆ మాట ఆ గుమ్మం ముందు అనకుండానే రశ్మి వెనక్కి తిరిగింది.

ఆగమ్మ ఒప్పుకున్నాక రశ్మి ఆమె ఇబ్బందిని డాక్టరుకు చెప్పింది. ఆయన గోలీ మార్చాడు. ఆగమ్మ మింగుతోంది, బీపీ దిగింది. ఫారంలో కొత్త ప్రశ్న చేరింది. కాలేజీలో గైడు మెచ్చుకున్నాడు. కళావతి మాత్రం ఎదురుపడితే పక్క గల్లీలోకి తిరిగిపోయేది.

రెండో విడత సర్వేకి రశ్మిని సైదాబాద్ పంపారు. మొదటిరోజే అక్కడి కార్యకర్త ప్రీతిని కూర్చోబెట్టి, "నేను ఏం రాస్తె అది పైకి పంపేముందు మీకే సూపిస్త. మీరేమన్న అంటె గది గూడ రాస్త" అని చెప్పింది.

"సరే మేడం" అంది ప్రీతి.

కళావతి చెల్లె అనేది. ఆ మేడం అన్న పిలుపుకి రశ్మి మనసు చివుక్కుమంది.