దుకాణం లోపలి మెట్లు

ఇది రాయకూడదనే అనుకున్నాను. డాక్టరమ్మ పోయారని చంపాపేట్ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను తువ్వాళ్లు మడతపెడుతున్నాను. "అక్కయ్య పొద్దున నిద్ర లేవలేదండీ" అన్నారావిడ. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టాను. నాది పోచంపల్లి నుంచి బట్టలకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివి నేర్చుకున్న తెలుగు, ఇలాంటివి రాయడానికి చదువుకున్నవాళ్లున్నారు కదా అనుకున్నాను. సంతాపసభకు వెళ్లి వచ్చాక రాయక తప్పలేదు.

చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద నాదొక బట్టల దుకాణం. పైన ఒక గది. ఆ గదికి మెట్లు దుకాణం లోపలి నుంచే. బయటి మెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. వాటిని కొట్టడానికి వచ్చినవాడు వాటిమీదే కూర్చుని టిఫిన్ తిని, చెయ్యి కడుక్కుని మరీ కొట్టాడు. అది వేరే కథ లెండి.

సర్కారు దవాఖానలో మనసు జబ్బుల డాక్టరుగా చేసి రిటైరైన ఈ డాక్టరమ్మ ఒకరోజు జాకెట్ గుడ్డ కోసం వచ్చి, గుడ్డ వదిలేసి మెట్లు చూశారు.

"ఏవండీ, పైగది ఖాళీయేనా?"

"ఖాళీనే అమ్మా. కిరాయికా?"

"సాయంత్రాలు నాకివ్వండి. ఈ హాస్టళ్ల పిల్లలతో మాట్లాడాలి. ఈ మెట్లయితే ఎవరికీ కనపడవు."

మా చుట్టూ కోచింగ్ సెంటర్లు. నిద్రపట్టని పిల్లలు, ఇంటికి ఫోన్ చేసి "మంచిగున్న" అని చెప్పి, పెట్టేశాక ఏడ్చే పిల్లలు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందన్న మాట హాస్టల్లో పాకితే ఆ పిల్ల మళ్లీ రాదు. అందుకే బోర్డు లేదు. పిల్లలు దుకాణంలోకి వచ్చి రుమాలు చూపించమనేవాళ్లు, చూపు మాత్రం మెట్లమీద. నేను తలూపితే పైకి పోయేవాళ్లు. వెళ్లేటప్పుడు పాత పేపరు మడిచిపెట్టిన మా దుకాణం కవరు చేతికిచ్చేవాణ్ని, ఏదో కొన్నట్టు. ఆ ఉపాయం డాక్టరమ్మదే. మెట్ల దగ్గర కనపడకుండా తన చెప్పులు కూడా ఒక కవర్లో వేసుకుని పైకి తీసుకుపోయేవారు.

"మందు తర్వాతండీ, ముందు గుమ్మం భయం పోవాలి" అనేవారు.

ఒక్కో పిల్ల వెళ్లిపోయాక ఆవిడ కిందికి వచ్చి, గల్లాపెట్టె పక్కన నిలబడి, ఉప్పు శనగలు నములుతూ ఏదో చీర అంచు పట్టుకుని, "ఈ రంగు ఎవరు కొంటారండీ?" అనేవారు. ఎవరో ఒకరు కొనేవారు, ఆవిడ తప్ప. పైన ఏం విన్నారో మాత్రం ఒక్క ముక్క నోటి నుంచి వచ్చేది కాదు. పిల్లల పేర్లు కూడా అడిగేవారు కాదు.

తర్వాత ఈ గది సంగతి సర్కారుకు తెలిసింది. ఆరోగ్యం చూసే శాఖ, చదువులు చూసే శాఖ, యువత సంగతి చూసే శాఖ కలిసి పనిచేస్తామన్నాయి. మంచి ఆలోచనే, ఇప్పటికీ అదే అంటాను. ఇంకొందరు డాక్టర్లు వస్తారని, మీర్‌పేట్‌లోనూ ఇలాంటి గది పెడతారని డాక్టరమ్మ పొంగిపోయారు. ఒక్కటే అడిగారు, బోర్డు వద్దని. మూడు శాఖలనూ కలిపే పెద్దసారు నా దుకాణంలో కూర్చుని, నా చాయ్ తాగి మాటిచ్చాడు.

"పరేషాన్ గాకుర్రి మేడమ్. బోర్డు గీర్డు ఏముండదు. మీరు ఎట్లంటే గట్లనే."

ప్రారంభం రోజుకు బయట ఇనుప మెట్లు వచ్చాయి. పైన 'యువజన మానసిక ఆరోగ్య కేంద్రం' అని దీపాల బోర్డు. దానిమీద మూడు శాఖల ముద్రలు, ఒకే కొలతలో. ఆ కొలత కుదరడానికే బోలెడు మీటింగులు అయ్యాయట.

"కాకా, ఇద్దరు పోరగాండ్లను పిలువుర్రి, ఫోటోకు" అన్నాడు పెద్దసారు. అప్పుడే పైనుంచి దిగిన అమ్మాయి చున్నీతో మొహం కప్పుకుని పరుగెత్తింది. డాక్టరమ్మ కెమెరాకు అడ్డం నిలబడ్డారు. మర్నాడు పేపర్లో ఆవిడ వీపు వచ్చింది.

పిల్లలు రావడం మానేశారు. దుకాణం గుండా పోవడం పద్ధతి కాదని లోపలి మెట్ల తలుపుకు సర్కారు తాళం పడింది. బోర్డు తీయించమని మేమిద్దరం ఎల్బీనగర్ ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఏ శాఖకు పోయినా మిగతా రెండూ ఒప్పుకోవాలన్నారు.

"కలిసి పెట్టారండీ, విడివిడిగా తీయలేరట" అని ఆటోలో నవ్వారు డాక్టరమ్మ. కాసేపటికి, "వేరేచోట కూర్చున్నా ఆ పిల్లలకి కబురెలా చెప్పను? పేర్లే తెలియవు. నన్ను నమ్మి వచ్చారండీ వాళ్లు" అన్నారు.

ద్రోహం పెద్దమాట అని నాకు తెలుసు. చాయ్ తాగి ఇచ్చిన మాటను అలా తప్పితే ఇంకేమనాలో నాకు తెలియదు. పోయేదాకా ప్రతి సాయంత్రం ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ ఆ ఇనుప మెట్లెక్కి, ఒక్కరే కూర్చుని, దిగి వెళ్లేవారు. శనగలు తినడానికి కూడా లోపలికి వచ్చేవారు కాదు.

సంతాపసభలో మూడు శాఖలూ మూడు దండలు వేశాయి. "మేడమ్ కలను మనం నిజం జేసినం" అన్నాడు పెద్దసారు. నాకు మైకిచ్చారు.

"ఆమె బోర్డు ఒద్దన్నది సార్" అన్నాను.

"అవు కాకా, మేడమ్‌కు పేరు మీద ఆశనే లేకుండె" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు.

డాక్టరు లేరు కనుక కేంద్రం మూసేశారు. మొన్న ఒకతను వచ్చి లోపలి మెట్ల తలుపుకున్న తాళం తీసుకున్నాడు, బోర్డు విప్పుకుని పోయాడు. నిచ్చెన నేనే ఇచ్చాను.

నిన్న సాయంత్రం ఒక అమ్మాయి దుకాణంలోకి వచ్చి రుమాలు చూపించమంది. చూపించాను. ఆ పిల్ల లోపలి మెట్లవైపు చూసి, తర్వాత నావైపు చూసింది.

"మేడమ్ లేరమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఒక తెల్ల రుమాలు ఏరి కొనుక్కుంది. కవర్లో పెట్టి ఇచ్చాను.