మెట్ల మీద అన్నం గిన్నె

జోర్డాన్‌లో ఇర్బిద్ ఊళ్లో కొరియా పిచ్చి పట్టినవాళ్లకి ఫోనులో ఒక గుంపు ఉంది. రెండు వందల పైచిలుకు జనం, అందులో నూటికి తొంభై మంది ఆడపిల్లలే. ఎవరు ఏ సాయం అడిగినా గుంపు పెద్ద ఇబ్తిసామ్ ఇప్పుడిచ్చే జవాబు ఒక్కటే. "నాకు తెలియదు. కనుక్కుని చెప్తా." కొత్తగా చేరిన పిల్లలు నవ్వుకుంటారు, ఏమీ తెలియని ఈవిడని పెద్దగా కూర్చోబెట్టిందెవరని. పాతవాళ్లు నవ్వరు. "తెలియదు" అనే మాట ఆవిడ నోటి నుంచి ఊడిపడటానికి ముప్ఫై ఆరేళ్లు పట్టిందని వాళ్లకి తెలుసు. దాని కోసం ఒక ముసలావిడ సాయంత్రం పాడైన సంగతి మాత్రం అందరికీ తెలియదు.

ఇబ్తిసామ్‌ది విశ్వవిద్యాలయం వీధిలో బైండింగు పని. పరిశోధన గ్రంథాలకి అట్టలు వేసి, వాటి మీద బంగారు అక్షరాలు దిద్దుతుంది. ఊళ్లో సగం మంది డాక్టర్ల పేర్లు ఆవిడ చేతి మీదుగా మెరిసినవే. లోపలి పేజీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆవిడే చెప్పి నవ్వుతుంది.

ఇంట్లో తల్లి, ఇద్దరన్నలు, ఇద్దరు వదినలు. పెళ్లి కాని ఆడపడుచుని ఆ ఇంట్లో అడిగేది ఒకటే, టీ పెట్టావా అని. పన్నెండేళ్ల కిందట టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నప్పుడు ఎవరో ఒక కొరియా సీరియల్ చూపించారు. జ్వరం తగ్గింది, ఇది తగ్గలేదు. అక్షరాలు కాగితాల మీద రాసి ఫ్రిజ్ మీద అంటించి నేర్చుకుంది. చదవడం వచ్చింది, అర్థం చేసుకోవడం అంతంత మాత్రం. అయినా మన ఊళ్లో ఆపాటి వస్తే చాలు, గొప్ప పండితురాలి కింద లెక్క.

గుంపులో ఒక పద్ధతి ఉంది, అదీ ఇబ్తిసామ్ పెట్టిందే. సాయం కావాల్సినవాళ్లు ఎత్తిన చెయ్యి బొమ్మ పెట్టి అడగాలి. ముందుగా "నాది" అని రాసినవాళ్లదే ఆ పని. ఇక వాళ్లు దాన్ని వదలకూడదు, ఇంకొకళ్లు వేలు పెట్టకూడదు. ఈ నూడుల్స్ పొట్లంలో పంది కొవ్వు ఉందా? ఈ క్రీము ముఖానికా, మడమలకా? సియోల్ వెళ్లే మా మేనత్త కూతురు ఏం పట్టుకెళ్లాలి? అడిగిన నిమిషంలో ఇబ్తిసామ్ "నాది" అనేది. బంగారు అక్షరాలు ఆరకముందే జిగురు చేతులతో ఫోను అందుకునేది. తెలిస్తే చెప్పేది. తెలియకపోతే ఇంకా గట్టిగా చెప్పేది. దేశం కొసన ఉన్న అకాబా దాటి ఎరగని మనిషి, సియోల్‌లో ఏ సందు ఎటు తిరుగుతుందో ధీమాగా చెబుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? "అక్కా, నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్లం" అని పిల్లలు రాసిన మాటలు పడుకునే ముందు మళ్లీ మళ్లీ చదువుకునేది. పాపం, ఆ ఒక్క చోటే ఆవిడ ఎవరికైనా కావాల్సిన మనిషి.

మొన్నటి జూలైలో దానియా అనే పిల్ల చెయ్యెత్తింది. ముప్ఫయ్యో వీధిలో ఆ పిల్ల వాళ్లది రెండో అంతస్తు. మూడో అంతస్తులో కొరియా నుంచి వచ్చిన టైక్వాండో మాస్టరు గితేక్ గారిల్లు. ఆయన ముప్ఫై ఏళ్లు ఊళ్లో పిల్లలకి కాళ్లు విసరడం నేర్పి కిందటేడు పోయాడు. భార్య మాల్సున్ ఒక్కతే ఉంటోంది. ఊళ్లో పిల్లలందరికీ ఆవిడ ఖాల్తో, అంటే పిన్ని.

"గురువారం మాస్టరు సంవత్సరీకం. ఖాల్తో కుడి మణికట్టు విరిగి పిండికట్టులో ఉంది. ఆయనకి భోజనం బల్ల సర్దాలంట, పద్ధతి తెలిసినవాళ్లు కావాలంట. అమ్మాన్‌లో ఉన్న కొరియావాళ్లని అడిగితే, చర్చికి పోయేవాళ్లం, ప్రార్థన చేస్తాం గానీ బల్లకి దణ్ణాలు పెట్టేది లేదన్నారంట. మనల్ని అడగమంది. ఎవరికైనా తెలుసా?"

"నాది" అని రాసింది ఇబ్తిసామ్.

గురువారం బయలుదేరుతుంటే తల్లి అడ్డుపడింది. "చచ్చిపోయినాయనకి భోజనమేంటే, వింత కాకపోతే?"

"వాళ్ల పద్ధతమ్మా అది."

"సరేలే. అయినా వట్టి చేతులు ఊపుకుంటూ పోతావా సంవత్సరీకం ఇంటికి? నేను తలెత్తుకు తిరగొద్దూ?" అంటూ పెరట్లోకి వెళ్లి, చెట్టు నుంచి తొమ్మిది పీచ్ పండ్లు ఏరి కోసి, తుడిచి, బుట్టలో పెట్టి ఇచ్చింది. ఒక్కోటి పిడికిలంత ఉంది. ఆ వాసనకి బస్సులో పక్కసీటు ఆవిడ రెండుసార్లు తిరిగి చూసింది.

మాల్సున్‌కి డెబ్బై ఒకటి. అరబ్బీ ఆవిడ కూరగాయల బజారులో నేర్చుకుంది కాబట్టి మాటా అలాగే ఉంటుంది. ఎడం చేత్తోనే రెండు రోజులుగా వండి అన్నీ గిన్నెల్లో సిద్ధంగా పెట్టింది. ఆసుపత్రిలో కట్టు చూపించుకునే వేళ కూడా ఆ సాయంత్రమే పడింది.

"పొద్దుగూకే లోపల వచ్చేస్తా" అంది చెప్పులేసుకుంటూ. "బల్ల మీద ఏది ఎటు పెట్టాలో, ఏది పెట్టకూడదో కాగితం మీద రాయించనా దానియా చేత? నాకు చెయ్యాడదు."

"ఎందుకు ఖాల్తో, వందసార్లు చూశాను" అంది ఇబ్తిసామ్.

"చూసుంటావులే. మీరు నాకంటే ఎక్కువ చూస్తారంటగా మా ఊళ్లని" అని నవ్వింది ముసలావిడ. "అన్నం మాత్రం ముట్టుకోకండి. వచ్చాక నేనే వేడిగా పెడతా. పోయేటప్పుడు వీధి తలుపు కొంచెం తీసి పెడతన్నా, మూయకండి. ఆయన వచ్చేది ఆ దారినే."

ఆవిడ మెట్లు దిగాక దానియా కిసుక్కున నవ్వింది. "అన్నం సంగతి మా బిల్డింగంతా ఎరుగుదుం అక్కా. పొగలు కక్కకపోతే మాస్టరు గిన్నె నెట్టేసేవాడు. 'ఇది అన్నమా, సిమెంటా?' అని అరిస్తే మా ఇంట్లోకి వినపడేది. మా తమ్ముడు అచ్చం ఆయన గొంతు దించేస్తాడు."

ఇద్దరూ పొట్టి కాళ్ల బల్ల పరిచారు. తెల్లని దుస్తుల్లో ఉన్న మాస్టరు ఫొటో వెనకాల నిలబెట్టారు. చేప, కూరలు, ఖర్జూరాలు, పైభాగం చెక్కిన యాపిల్ పండ్లు, బేరి పండ్లు ఇబ్తిసామ్ చూసిన సీరియళ్లు తలుచుకుంటూ వరసలు కట్టింది. ముందు వరస బోసిగా కనిపించింది. అక్కడ తల్లి ఇచ్చిన పీచ్ పండ్లు గోపురంలా పేర్చింది. ఎంత బాగుందంటే, ఫొటో తీసి గుంపులో పెట్టకుండా ఉండలేకపోయింది. "మాస్టరుగారి బల్ల. పద్ధతి అంటే ఇలా" అని రాసింది. చూస్తుండగానే మెప్పులు వచ్చిపడ్డాయి.

అంతలో బుసాన్‌లో చదువుకుంటున్న లుజైన్ అనే పిల్ల నుంచి ఒక ముక్క వచ్చింది. "అక్కా, పీచ్ పండ్లు వెంటనే తీసెయ్. పోయినవాళ్ల బల్ల మీద అవి ఎప్పుడూ పెట్టరిక్కడ. అవి ఉంటే ఆత్మ ఇంట్లోకి రాలేదంట, గడప బయటే ఆగిపోతుందంట. మా ఇంటి ఓనరమ్మని అడిగి మరీ చెప్తున్నా."

ఇబ్తిసామ్ చెవులు వేడెక్కాయి. చేయి చాపితే పండ్లు. తీసి వంటింట్లో పెడితే అయిపోయేది. కానీ ఫొటో రెండు వందల మంది చూశారు. పద్ధతి అంటే ఇలా అని రాసింది తనే. నిన్నగాక మొన్న తన దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల, అందరి ముందూ తనకి చెప్పడమా? "ఒక్కో ఊరికి ఒక్కో ఆచారం ఉంటుంది" అని జవాబు రాసింది. అదీ చాలదనిపించింది. గుంపు పెద్దకి ఎవరి మాటనైనా చెరిపే వీలుంది. లుజైన్ మాట చెరిపేసింది.

"ఎవరక్కా?" అంది దానియా గ్లాసులు తుడుస్తూ.

"ఎవరూ కాదు" అంది ఇబ్తిసామ్. ఆ మాట అన్నప్పుడే లోపల ఏదో చేదుగా అనిపించింది, కానీ పండ్లు పండ్ల చోటే ఉన్నాయి. మనిషి తప్పు తెలియక చేస్తే ఒక దారి, తెలిసీ దాని మీద కూర్చుంటే ఇంకో దారి. ఆవిడ కూర్చుంది.

మాల్సున్ వచ్చేసరికి కిటికీలో ఎండ ఎర్రబడింది. మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో లోపలికి వచ్చి, బల్ల చూసి ఆగిపోయింది. కళ్లు ఫొటో మీద నుంచి ముందు వరస మీదికి దిగాయి. అక్కడే నిలిచాయి.

"ఈ పండ్లెవరివి?" అంది.

"మా అమ్మ పంపింది ఖాల్తో. మా పెరటివే."

ముసలావిడ ముప్ఫై ఏళ్లుగా ఈ ఊరి మనిషి. ఒక ఇంటి తల్లి తన చెట్టు నుంచి కోసి పంపినదాన్ని, తెచ్చిన పిల్ల ఎదురుగా బల్ల మీంచి తీసేయడం ఈ ఊళ్లో ఎంత అవమానమో ఆవిడకి తెలుసు. "మీ అమ్మ చేతులు చల్లగుండాలి" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, కుక్కరులోంచి పొగలు కక్కే అన్నమంతా గిన్నెలోకి తీసింది. ఎడం చేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని బల్ల వైపు వచ్చింది, బల్లని దాటేసింది, వారగా తీసిన తలుపులోంచి బయటికెళ్లి మెట్ల మీద ఆ గిన్నె పెట్టింది. చెంచా నిలువుగా గుచ్చింది.

"అదేంటి ఖాల్తో, అక్కడ పెట్టావు?" అంది దానియా.

"మీ మాస్టరు ఇయ్యాల లోపలికి రాలేడులే. మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులు ఎక్కొచ్చుంటాడు. కూచుని తింటాడు" అంది ఆవిడ. ఎందుకు రాలేడో చెప్పలేదు. ఇబ్తిసామ్ వైపు చూడనైనా లేదు. మెట్లకేసి తిరిగి, కట్టు కట్టిన చెయ్యి రొమ్ముకి ఆనించుకుని కష్టపడి వంగి దణ్ణం పెట్టింది.

ఇబ్తిసామ్‌కి అప్పుడు వచ్చింది సిగ్గు. అంతకుముందు పడింది పరువు భయం, అది వేరు. తిట్టినా బాగుండేదనిపించింది. వెనక్కి పోయి గోడకి ఆనుకుని నిలబడింది. ముసలావిడ లేచాక ఇక ఆపుకోలేకపోయింది.

"నాకు తెలుసు ఖాల్తో" అంది. "పీచ్ పండ్లు పెట్టకూడదని మీరు రాకముందే ఒకమ్మాయి చెప్పింది. నేనే తియ్యలేదు. ఆ పిల్ల రాసింది కూడా చెరిపేశా."



"ఎందుకే?" అంది మాల్సున్.

"తెలియదని అనిపించుకోలేక."

కింద వీధిలో గ్యాసు బండి పాట వినిపించి దూరమైంది. "సరే, తియ్యి మరి" అంది ముసలావిడ చివరికి. ఇబ్తిసామ్ గబగబా పండ్లన్నీ బుట్టలోకి వేసుకుని, అవి కళ్లముందు నుంచి పోతే చాలన్నట్టు వీధి తలుపు వైపు నడిచింది.

"ఆగు. ఎక్కడికే?" అంది మాల్సున్. "ఆయన మెట్ల మీద కూచుని ఉంటే, వాటిని పట్టుకుని ఆయన్ని దాటుకు పోతావా? తినే మనిషిని లేపుతావా?"

ఇబ్తిసామ్ గడప ముందే ఆగిపోయింది. బయటికి పోవడానికి లేదు, లోపల ఉంచడానికి లేదు.

"వంటింట్లో కూచుని తినెయ్యండి" అంది మాల్సున్. "ఇంట్లో లేకుండా చెయ్యాలంటే అదొక్కటే దారి. తలా మూడు. నేనూ తింటా."

ముగ్గురూ వంటింటి గచ్చు మీద కూర్చుని తొమ్మిది పండ్లూ తిన్నారు. చెరిపేసిన మాట, మెట్ల మీద గిన్నె, ఇంటికెళితే పండ్లు నచ్చాయా అని అడిగే తల్లి, అన్నీ ఒక్కసారే ఇబ్తిసామ్‌కి గుర్తొస్తున్నాయి. అయినా పండు తియ్యగానే ఉంది, మోచేతుల దాకా రసం కారింది. ఆ తీపికే ఎక్కువ సిగ్గేసింది. మాల్సున్ టెంకలు కాగితంలో చుట్టి చెత్తడబ్బా అడుగుకి నొక్కి, చేతులు కడుక్కుని, వాళ్లచేత నోళ్లు పుక్కిలింపించింది. కిటికీలన్నీ తెరిచింది. అప్పుడు వెళ్లి వీధి తలుపు రెక్క పూర్తిగా తీసి, "ఇంక రా" అన్నట్టు పక్కకి తప్పుకుని నిలబడింది.

మెట్ల మీది గిన్నెని లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టింది ఇబ్తిసామే. పొగ లేదు. గిన్నె అడుగు కూడా చల్లబడిపోయింది. కుక్కరులో మిగిలిందీ లేదు.

"వేడి చేసి తెస్తాను ఖాల్తో" అంది, తల దించుకుని.

"వద్దులే, ఉండనీ" అంది మాల్సున్ కొవ్వొత్తి వెలిగిస్తూ. "ఆయనకి చల్లన్నమే ఇష్టం."

దానియా ఏదో అనబోయి నోరు మూసుకుంది. ఇబ్తిసామ్ గిన్నెని ఫొటో ముందుకి జరిపి, చెంచా సరిగ్గా నిలబెట్టింది.