తమ్ముడి మోకాలికి ఊరంతా డాక్టర్లే

ఆపరేషన్ చేసిన డాక్టరు గారు గుంటూరులో హాయిగా ఉన్నారు. ఇరుక్కుపోయింది నేను. తమ్ముణ్ణి ఇంటికి పంపే రోజున ఆయన నా వైపు తిరిగి, "మీరు డ్రిల్లు టీచరు కదమ్మా, వీడు మళ్లీ ఎప్పుడు ఆడొచ్చో మీరే చూసి చెప్పండి. మీరు సరే అనేదాకా బరిలో కాలు పెట్టనివ్వకండి. ఇంకోసారి తెగితే ఇక నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు, జీవితమంతా కుంటాల్సిందే" అన్నారు. తమ్ముడు బుద్ధిగా తలూపాడు. అమ్మ దణ్ణం పెట్టింది. ఆ మాట నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు నాకు తోచలేదు.

ఇది అరవైల నాటి సంగతి. మాది జగ్గయ్యపేట. నేను రోజూ బస్సెక్కి నందిగామ వెళ్లి ఆడపిల్లల బడిలో డ్రిల్లు చెప్పేదాన్ని. తమ్ముడు పగలంతా పొలం పని చేసేవాడు, పొద్దువాలితే చెడుగుడు ఆడేవాడు. వాడు కూతకెళ్లి వట్టిచేతులతో వెనక్కొచ్చిన రోజు తక్కువ. అలాంటివాడు ఒక సాయంత్రం గీత దగ్గర గిర్రున తిరగబోయాడు. పాదం నేలనే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాల్లో టప్పుమన్న చప్పుడు చూసేవాళ్లకి కూడా వినిపించిందట. డాక్టరు లిగమెంటు తెగిందన్నారు, మా ఊరివాళ్లు నరం తెగిందన్నారు. పేరేదైతేనేం, కాలు పట్టు తప్పింది.

సిమెంటు కట్టు విప్పేసరికి తొడ చిక్కి చేతి లావున ఉంది. రోజూ మంచం మీద కూర్చోబెట్టి, పాదానికి ఇసుక సంచి కట్టి ఎత్తించా. నడిపించా, తర్వాత పరిగెత్తించా. వానలు పడేనాటికి మనిషి మామూలుగా తిరుగుతున్నాడు. ఇక చూడండి, ఊళ్లో ప్రతివాడూ డాక్టరే!

"నిన్న వడ్ల బస్తా మోస్తుంటే చూసానండీ, ఇంకేం కావాలి?" అని ఒకడు. "సైకిలు మీద ముక్త్యాల వెళ్లొచ్చాడు, మీరింకా మీనమేషాలు లెక్కపెడుతున్నారు" అని ఇంకొకడు. బస్సులో కూర్చుంటే పక్క సీటువాళ్లు కూడా అదే అడిగేవాళ్లు. చెవినిల్లు కట్టుకుని పోరారంటే నమ్మండి.

వీటన్నిటినీ మించింది మా గుడిలో జరిగింది. మా పాస్టరు గారి ప్రార్థనంటే మాటలు కాదు. ఊళ్లో రోగులందరి పేర్లూ, వానలూ పంటలూ అయిపోయాక ఢిల్లీలో ప్రభుత్వం దాకా వెళ్లి గానీ వెనక్కి వచ్చేవారు కాదు. ఆమేన్ అనేసరికి ముసలమ్మలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచేవాళ్లు. ఆ ఆదివారం తమ్ముడు అంతసేపూ మోకాళ్ల మీదే ఉండి, ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడ్డాడు. అంతే, గుడంతా స్తోత్రాలు! పాస్టరు గారు అమ్మతో "స్వస్థత వచ్చేసిందమ్మా" అన్నారు. మోకరించినవాడు లేచాక మావాళ్లకి మోకాలికి వేరే పరీక్ష ఎందుకు?

"అయ్యగారూ, చెడుగుడు మోకరించి ఆడరు కదండీ" అన్నా.

"విశ్వాసం ఉండాలమ్మాయ్" అన్నారు.

విశ్వాసం నాకూ ఉంది. దేవుడి మీద ఉంది, ఆ కాలు మీదే లేదు. బస్తా మోసినా, సైకిలు తొక్కినా, మోకరించినా మోకాలు తిన్నగా వంగుతుంది, తిన్నగా లేస్తుంది. ఆటలో తెగింది తిరగబోయినప్పుడు కదా! నేను వాణ్ణి ఖాళీ చేలో పరిగెత్తించి, ఉన్నట్టుండి "తిరుగు!" అని అరిచేదాన్ని. ప్రతిసారీ మంచి కాలు మీదే తిరిగేవాడు. "రెండో కాలు మీద తిరగరా" అంటే ఎడ్లబండి మలుపు తిప్పినట్టు చుట్టూ తిరిగొచ్చేవాడు. ఇది అయ్యేదాకా కుదరదని చెప్పేసా.

ఇంతలో నందిగామతో పందెం వచ్చిపడింది. మా జట్టు కెప్టెన్ లారీ డ్రైవరు, తమ్ముడి నేస్తం. వారం వారం ఇంటికొచ్చి బతిమాలాడు. నేను కాదన్నా. మావాళ్లు ఓడిపోయారు. దాంతో నా మీద పడ్డారు, "నందిగామ జీతం తింటోంది కదా, వాళ్లు గెలవాలని తమ్ముణ్ణి కట్టేసింది" అని! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నూతి దగ్గర ఆడవాళ్లు మాట్లాడ్డం మానేసారు. అమ్మ కూడా "నీ నోట మంచిమాట రాదా" అంది. అది మాత్రం నన్ను బాగా బాధపెట్టింది.

క్రిస్మస్ ముందు, కొయ్యడానికి తెచ్చిన కోడి అమ్మ చేతిలోంచి జారిపోయింది. తమ్ముడు దాని వెంట పడ్డాడు. అది అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. తెగిన కాలు మీద గిర్రున తిరిగి, వంగి, దాన్ని ఒడిసి పట్టేసాడు. నా కళ్లని నేనే నమ్మలేకపోయా.

"ఒరేయ్, తిరిగావురా! సాయంత్రం మీ కెప్టెన్ మళ్లీ అడగడానికి వస్తాడుగా, సరే అని చెప్పేస్తా" అన్నా.

వాడి మొహం పాలిపోయింది. కోడిని అమ్మకిచ్చి, నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు.

"చెప్పకక్కా. కోడి వెనక పరిగెత్తేటప్పుడు మోకాలు గుర్తే లేదు. ఆ గీత చూస్తే మాత్రం టప్పుమన్న చప్పుడే చెవిలో వినిపిస్తోంది. ఊరంతా బాగైపోయింది బాగైపోయింది అంటుంటే, నాకు భయంగా ఉందని ఏ మొహంతో చెప్పను? నువ్వు కాదన్న ప్రతిసారీ నా ప్రాణం లేచొచ్చేది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ ముక్క అప్పుడే చెప్పి చావొచ్చు కదరా! నన్ను ఊరంతా తిట్టిపోస్తుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా?" అని అరిచా. వాడు తల దించుకుని, "ఇంకొక్కసారి కాదని చెప్పవా అక్కా" అన్నాడు. కండలు తిరిగిన మనిషి, చిన్నపిల్లాడిలా నా కొంగు పట్టుకున్నాడు.

పొద్దువాలాక కెప్టెన్ వచ్చాడు. తమ్ముడు తలుపు వెనక నిలబడ్డాడు.

"ఏమంటారు టీచరమ్మ గారూ?"

"ఇంకా కాలేదండి."

"వాడేమంటాడు?"

"వాడికేం, ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తానంటాడు. నేనే పంపనంటున్నా. ఊళ్లో కూడా అలాగే చెప్పండి" అన్నా.

అతను సైకిలు వెనక్కి తిప్పుకుంటూ, "బంగారం లాంటి ఆటగాణ్ణి పాడుచేసారండీ" అన్నాడు.

"అవునండీ, నేనే పాడుచేసా" అన్నా, తలుపు వెనకున్న వాడికి వినపడేలా.